చర్చియు, దాని బడియు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా పుస్తకములను పదిలపరచి, అడిగినవారి కెల్ల అందించుచు వచ్చిన ఈ గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగుచున్న శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని మీరు నన్ను కోరితిరి. గ్రంథాలయమును గూర్చి చెప్పదగినవారు మీలో పలువురు కలరు. గ్రంథాలయమునకు ముందు నడచునది బడి. బడి లేనిచో ఈ అలమరలలోని పుస్తకములు కట్టెలతో సమానము. కావున నేను బడిని గూర్చి, అందును చర్చి ప్రక్కనుండు ప్రాథమిక పాఠశాలను గూర్చి, ఆ రెండింటికిని గల సంబంధమును గూర్చి ముచ్చటింపదలచితిని.

మన తెలుగు సీమలో పెక్కు గ్రామములందు ఊరికొక ప్రక్క చిన్న చర్చియు, దాని ఆవరణముననే బడియు కానవచ్చును. కొన్నిచోట్ల ఆదివారము మ్రోగిన గంటయే సోమవారమును మ్రోగును. ఇంకను కొన్నిచోట్ల రెండింటికిని కప్పొక్కటే. ఇట్టి బడిలో అక్షరములు నేర్చినవారు ఈ సభలో క్రైస్తవులలోనే కాక, హిందువులలోను ముస్లిములలోను ఉండవచ్చును. అట్లయిన ఆ బడి ఎవరిది? కట్టించిన చర్చిదా? జీతములకు గ్రాంటు ఇచ్చు ప్రభుత్వముదా? పిల్లలను పంపు ఊరివారిదా?

ఇది ఊసుపోక వేసిన ప్రశ్న గాదు. 2021వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రాంటుతో నడచు ప్రైవేటు విద్యాసంస్థల సిబ్బందిని తన క్రిందికి తీసికొను ఏర్పాటును తలపెట్టినప్పుడు, తమ పిల్లలు చదువు బడి యేమగునో యని తల్లిదండ్రులు కొన్ని పట్టణములలో వీధులకెక్కిరి. అట్టి బడులలో చర్చిలకు చెందినవి అనేకములు. తుదకు ఆ సంవత్సరమే నవంబరు నెలలో ఆ విషయము సంస్థల ఇష్టమునకు విడువబడినది. అలజడి చల్లారినది కాని, బడి ఎవరిదను ప్రశ్న మిగిలియే యున్నది.

దానికి సమాధానము వెదకుటకు మూడు వస్తువులను పరిశీలించిన చాలునని నా అభిప్రాయము. మొదటిది స్థలము: బడి నిలిచిన నేల దేనికొరకు ఈయబడినది? రెండవది తలుపు: అది ఎవరికొరకు తెరచియున్నది? మూడవది పంతులు: ఆయన ఎవరికి జవాబు చెప్పవలసినవాడు? చర్చికిని బడికిని గల సంబంధమును చట్టములతో కొలిచి చూచుకొనిన దేశములలో ఇంగ్లండు ముఖ్యమైనది. ఆ దేశపు అనుభవమును ముందు చూచి, పిదప మన గ్రామములకు వత్తము. అది మనకు కేవలము పరాయి కథ గాదు. అక్కడి చర్చి బడుల బోధనాపద్ధతి మన చెన్నపట్టణపు ఇసుకలో పుట్టినది.

ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు క్రైస్తవ గురువు 1787లో చెన్నపట్టణమునకు వచ్చి, 1789లో ఎగ్మూరునందలి సైనికుల అనాథబాలుర శరణాలయమునకు అధికారియయ్యెను. అచ్చట పంతుళ్ళకు నేర్పుమీద శ్రద్ధ లేకుండెను. ఒకనాడు ఆయన ఒక దేశీయపు బడిలో పిల్లలు నేలమీద ఇసుక పరచుకొని, వ్రేలితో అక్షరములు దిద్దుకొనుట చూచెను. పలక అక్కరలేదు, కాగితము అక్కరలేదు; తప్పు వ్రాసిన అరచేతితో చెరిపివేయవచ్చును. ఆ పద్ధతినే ఆయన తన శరణాలయమున ప్రవేశపెట్టెను. పెద్ద పంతుళ్ళు ఒల్లమనగా, ఎనిమిదేండ్ల ప్రాయపు బాలు నొకనిని చిన్నపిల్లలకు అక్షరములు నేర్పుమని నియోగించెను. వచ్చినవాడు రానివానికి నేర్పు ఈ విధానమును గూర్చి 1797లో లండనునందు గ్రంథము ప్రకటించెను. దానికి మద్రాసు పద్ధతి యని పేరు వచ్చెను.

మన వీధి అరుగులపై పెద్ద బాలుడు చిన్నవారిచేత ఓనమాలు దిద్దించుట మన తాతముత్తాతలెల్లరు ఎరిగినదే. ఓనమాలను మాటయే ఓం నమః శివాయ యను వందనము నుండి వచ్చినది. అక్షరాభ్యాసమును దైవస్మరణతో ముడివేయుట క్రైస్తవుల కొక్కరికే చెందిన ఆచారము గాదు. బడియు గుడియు చుట్టములగుట మనకు వింతయు గాదు. ఆ చుట్టరికము ఎట్లు నడువవలెననునదే ప్రశ్న.

ఇంగ్లండులో దేశమంతయు చిన్న చిన్న పరిధులుగా భాగింపబడి, ఒక్కొక్కటి ఒక చర్చి క్రిందనుండును. దానిని పారిష్ అందురు. ఆ చర్చి గురువు ఆ గ్రామములోని జనులందరి యోగక్షేమములకు బాధ్యుడు. 1811లో ఆంగ్లికన్ చర్చివారు నేషనల్ సొసైటీ యను సంఘమును స్థాపించి, బీదల పిల్లలకు తమ మతసూత్రముల ననుసరించి చదువు చెప్పించుటకు పూనుకొని, ప్రతి పారిష్‌నందును ఒక బడి యుండవలెనని సంకల్పించిరి. వారు స్వీకరించినది బెల్ దొర మద్రాసు పద్ధతినే. అదే కాలమున జోసెఫ్ లాంకాస్టర్ అను క్వేకరు మతస్థుడును బీద పిల్లలకు బడులు నడిపెను. ఆయన బైబిలు చదివించెను గాని, ఏ యొక్క చర్చి ప్రశ్నోత్తరిని వల్లెవేయింపలేదు. ఈ రెండు పక్షముల స్పర్ధ దీర్ఘకాలము సాగెను.

ప్రభుత్వము చేయిచాచినది చాల ఆలస్యముగా. 1833లో పార్లమెంటు బడుల కట్టడములకై 20,000 పౌనులు మంజూరుచేసి, ఈ రెండు పక్షముల సంఘముల ద్వారమున పంచెను. కట్టడపు ఖర్చులో సగము గ్రామస్థులు చందాలెత్తి సమకూర్చుకొనవలెను. అనగా ఆరంభమునందే బడికి ముగ్గురు భాగస్వాములు ఏర్పడిరి: చర్చి, ప్రభుత్వము, గ్రామము. తరువాతి చరిత్రయంతయు ఈ మువ్వురి నడుమ జరిగిన బేరమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నయగు స్థలమునకు వత్తము. 1841లో ఇంగ్లండున బడిస్థలముల చట్టమొకటి వచ్చెను. దానిప్రకారము భూస్వామి ఒక ఎకరమునకు మించని నేలను బీదల బడికొరకు దానము చేయవచ్చును. గ్రామ గురువును, చర్చి పెద్దలను ధర్మకర్తలుగా నియమించి పత్రము వ్రాయుట వాడుకయయ్యెను. ఆ చట్టములో ఒక నియమము గమనింపదగినది. బడికొరకిచ్చిన నేల బడికి ఉపయోగపడుట మానినచో, అది దాత వంశపు ఆస్తిలోనికి తిరిగి పోవలసియుండెను. చర్చి చేతిలో నున్నను అది చర్చి సొంత సొమ్ము గాదు. పిల్లల నిమిత్తము చర్చి చేతిలో పెట్టిన న్యాసము. బడి యున్నంతవరకే ధర్మకర్తకు నేల.

ఇట్టి బాధ్యతను మహోన్నతముగా నిర్వహించిన గురువులు కొందరు కలరు. హాంప్‌షైర్ జిల్లాలో కింగ్స్ సోంబోర్న్ అను పల్లెకు రిచర్డ్ డాస్ గురువుగా నుండెను. ఆయన 1842లో బడి తెరచి, కూలివాని బిడ్డకు వారమునకు 2 పెన్నీలును, స్థితిపరుల బిడ్డలకు అంతకంటె హెచ్చుగను ఫీజు నిర్ణయించెను. అందరు నొకే బల్లమీద కూర్చుండవలెను, ఒకే పాఠము చదువవలెను. కెటిలులో నీరు కాగుట, పొయ్యిలో పొగ పైకిపోవుట మొదలగు ఇంటి వస్తువులతోనే శాస్త్రము చెప్పించెను. ప్రభుత్వపు ఇన్‌స్పెక్టర్లు ఆ బడిని మిక్కిలి శ్లాఘించిరి.

సఫక్ జిల్లాలోని హిచమ్ గ్రామ గురువు జాన్ హెన్స్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడు. చార్లెస్ డార్విన్‌కు గురువు. 1831లో డార్విన్‌ను బీగిల్ ఓడ ప్రయాణమునకు సిఫారసు చేసినవాడాయనయే. అంతటి పండితుడు 1837 నుండి 1861లో మరణించు వరకు ఆ పల్లె గురువుగా నుండి, కూలివారి పిల్లలకు పొలముగట్ల పూవులను చేతికిచ్చి, రేకులు లెక్కించుట, వాని కుటుంబములను గుర్తించుట నేర్పెను. కూలివాని బిడ్డకు చదువేల యని రైతులు సణిగినను ఆయన మానలేదు. ఈ యిరువురును భక్తిపరులే. పిల్లల బుద్ధి వికసించుటవలన చర్చికి నష్టము వాటిల్లునని వారు భయపడలేదు.

రెండవ ప్రశ్న తలుపు. ఊరిలో బడి యొక్కటే. అది ఆంగ్లికన్ చర్చిది. బాప్టిస్టు, మెథడిస్టు మతస్థుల పిల్లలకు వేరొక బడి లేదు. ఆ పిల్లలుకూడ తమ తల్లిదండ్రులు అంగీకరింపని ప్రశ్నోత్తరిని వల్లెవేయవలెనా? ఆదివారము ఆ చర్చికి రానిచో బడినుండి తీసివేయవచ్చునా? ఈ తగవు అనేక గ్రామములలో చెలరేగెను. 1870లో వచ్చిన విద్యాచట్టము దీనికొక పరిష్కారము చూపెను. దానిని అంతరాత్మ నియమమని పిలువవచ్చును. ప్రభుత్వపు గ్రాంటు పొందు ఏ ప్రాథమిక పాఠశాలయందును ఏ చర్చికైనను వెళ్ళుటగాని మానుటగాని ప్రవేశమునకు షరతుగా నుండరాదు. తల్లిదండ్రులు కోరినచో బిడ్డను మతబోధనుండి మినహాయింపవలెను. మతబోధను బడి మొదలుపెట్టునప్పుడో ముగియునప్పుడో జరుపవలెను, నడుమ జరుపరాదు. ఆ కాలపట్టికను ప్రతి తరగతి గదిలోను అందరికి కనబడునట్లు వ్రేలాడదీయవలెను.

ఈ చిన్న పట్టిక వ్రేలాడదీయుటలో ఎంత వివేకమున్నదో చూడుడు. చర్చి తన ప్రార్థనను వదలుకొనలేదు. తండ్రి తన హక్కును వదలుకొనలేదు. బిడ్డ అరగంట ఆలస్యముగా వచ్చినను, ముందుగా ఇంటికి పోయినను లెక్కల పాఠము పోదు.

మూడవ ప్రశ్న పంతులు. అన్నిటికంటె కఠినమైన దిదియే. పారిష్ బడి పంతులు పిల్లలకు చదువు చెప్పుటతోబాటు, ఆదివారపు బడి నడుపుట, చర్చిలో వాద్యము వాయించుట, పాటకులను తర్ఫీదు చేయుటయు తన పనిగా నుండుట తరచు జరిగెడిది. గురువు దయగలవాడైన ఇది స్నేహము, కానిచో బానిసత్వము. నార్‌ఫోక్ జిల్లాలోని బర్‌స్టన్ అను పల్లె కథ ఇందుకు నిదర్శనము. అచ్చటి బడి చర్చిది గాదు, జిల్లా ప్రభుత్వముది. అయినను చర్చి గురువే నిర్వాహక సంఘమునకు అధ్యక్షుడు. టామ్ హిగ్డన్, ఆయన భార్య ఆనీ అచ్చట ఉపాధ్యాయులు. వారు కూలివారి పక్షము వహించిరి. 1913లో గ్రామ సంఘపు ఎన్నికలలో టామ్ గెలిచెను. నిర్వాహకులు నేరములు మోపి దంపతులను పనినుండి తొలగింపజేసిరి. 1914 ఏప్రిల్ 1వ తేదీన, 72 మంది పిల్లలలో 66 మంది బడి మాని, తమ పంతుళ్ళ వెంట ఊరేగింపుగా నడచిరి. కొంతకాలము వడ్రంగి కొట్టులో, 1917 నుండి చందాలతో కట్టిన చిన్న కట్టడములో వేరుబడి సాగెను. అది 1939 వరకు నిలిచెను. కట్టడమునకు తాళము వేయు అధికారము గురువు చేతిలో నుండవచ్చును గాని, పంతులు పిల్లల మనస్సులో నిలిచిన పిమ్మట ఆ తాళము పనిచేయదని బర్‌స్టన్ పల్లె చాటినది.

తుదకు 1944లో ఇంగ్లండున చర్చి బడులను ముఖ్యముగా రెండు తరగతులుగా విభజించిరి. బడి కట్టడపు ఖర్చులో సగము తానే భరించు చర్చికి నిర్వాహక సంఘమున ఆధిక్యమును, పంతుళ్ళను నియమించు హక్కును, తన మతబోధ జరుపుకొను స్వేచ్ఛయు ఈయబడెను. అంత ఖర్చు భరింపజాలని చర్చి బడులకు ప్రభుత్వమే వ్యయమంతయు పెట్టుకొనెను. అందు చర్చి ప్రతినిధులు కొలదిమందిగనే యుందురు. భారమునుబట్టి అధికారమనునది ఈ ఏర్పాటు సారము. రానురాను చర్చి భరింపవలసిన భాగము తగ్గుచు వచ్చినను, ఆ రెండు తరగతులు నేటికిని ఉన్నవి. నేడు ఇంగ్లండులోని ప్రభుత్వ నిధులతో నడచు ప్రాథమిక పాఠశాలలలో రమారమి నాలుగవ వంతు ఆంగ్లికన్ చర్చికి సంబంధించినవే.

ఇక మన దేశమునకు వత్తము. ఆ ఇంగ్లండు నుండియు అమెరికా నుండియు వచ్చిన మిషనరీలే బడియు చర్చియు జంటగా నుండవలెనను భావమును తెలుగుసీమకు తెచ్చిరి. కాని ఒక పెద్ద భేదము కలదు. అచ్చట చర్చి రాజ్యముయొక్క చర్చి; జనులలో అధికసంఖ్యాకులది. ఇచ్చట పల్లెలలో చర్చియన్న కొలదిమంది, అందును మిక్కిలి బీదలగు వారి సంఘము. కావున ఆ మూడు ప్రశ్నలే ఇచ్చట వేరు రూపమున ఎదురైనవి.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనువారు మచిలీపట్టణమునకు వచ్చిరి. 1842లో హేయర్ అను లూథరన్ గురువు గుంటూరునకు వచ్చెను. నోబుల్ దొర 1843లో స్థాపించిన ఆంగ్లపాఠశాలకు అగ్రవర్ణముల బాలురు వచ్చుచుండిరి. అది ప్రాథమిక పాఠశాల గాకున్నను, దాని అనుభవము మన విషయమునకు అక్కరకు వచ్చును. 1852లో విద్యార్థులలో ఇద్దరు బాప్తిస్మము పొందగానే పట్టణమంతయు కలవరపడి, పిల్లలను మాన్పించెను. పాఠశాల దాదాపు శూన్యమై, తిరిగి నిండుటకు కాలము పట్టెను. చదువుకొరకు బిడ్డను పంపిన తండ్రి భయ మెట్టిదో, నమ్మిన దానిని దాచలేని విద్యార్థి మనస్సెట్టిదో రెండును గ్రహించినగాని ఈ చరిత్ర మనకు అర్థము కాదు.

తలుపునకు సంబంధించిన మరియొక సంకటము ఒంగోలులో కలిగినది. జాన్ క్లౌ అను అమెరికను బాప్టిస్టు మిషనరీ 1866లో అచ్చట స్థిరపడి బడి పెట్టగా, బ్రాహ్మణ బాలురు చదువుకొన వచ్చిరి. అంతలో చుట్టుపల్లెల మాదిగలు క్రైస్తవ సంఘమున చేరుటకు వచ్చిరి. వారిని చేర్చుకొనిన మా పిల్లలను పంపమని ఊరిపెద్దలు తెలిపిరి. తుదకు ఆయన పల్లెవారిని త్రోసివేయజాలక, వచ్చు విద్యార్థులను వదలుకొనెనని ఆయన స్వీయచరిత్ర తెలుపుచున్నది. ఇంగ్లండులో తలుపునొద్ద తగవు మతమును గూర్చి. మన దేశమున మతముతోబాటు కులమును గూర్చియు.

అప్పటి వీధిబడుల అరుగులపై మాల మాదిగ పిల్లలకు చోటు లేదు. బెల్ దొరను మెప్పించిన ఆ ఇసుక వారి వ్రేళ్ళకు అందలేదు. పల్లెలలో చర్చి బడి పుట్టిన పిదపనే అనేకచోట్ల ఆ పిల్లలు మొదటి అక్షరము దిద్దిరి. ఈ యొక్క సంగతిని ఏ మతస్థుడైనను, ఏ కులస్థుడైనను కృతజ్ఞతతో స్మరింపవలసినదే.

ఆ పల్లెబడి స్వరూపము మీలో పెద్దలు ఎరుగుదురు. తాటాకు కప్పిన ఒక్క గది. పగలు బడి, రాత్రి ప్రార్థన, ఆదివారము ఆరాధన. పంతులే ఉపదేశి. పగలు పశువులను కాచు పిల్లలకు, కూలికి పోవు పెద్దలకు దీపము వెలుగున రాత్రిబడి. పంతులు భార్య ఆడపిల్లలకు చదువును, కుట్టుపనియు నేర్పుటయు కలదు. జాబులు వ్రాయుట, అర్జీలు వ్రాయుట, అప్పుపత్రములో నున్న దేమో చదివి చెప్పుట ఆయన పనులే. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అభిషిక్తుడై, భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు, 1945లో మరణించు వరకు దోర్నకల్ అధ్యక్షమండలమును పాలించినవారు, ఈ పల్లె పంతుళ్ళ శిక్షణను తమ పనులలో ముఖ్యమైనదిగా నెంచిరి. చదువులేని సంఘము తన కాళ్ళపై తాను నిలువజాలదని వారి దృఢాభిప్రాయము.

చర్చి బడికి కప్పును, పంతులును ఇచ్చినది. బడి చర్చికి చదువరులను ఇచ్చినది. కీర్తనల పుస్తకము పట్టి పాడగల స్త్రీలు, లెక్కలు వ్రాయగల సంఘపెద్దలు బడినుండియే వచ్చిరి. అయితే పంతులు తలపై రెండు బరువు లుండుటచే చిక్కులును ఉండెడివి. చర్చి సభలు వచ్చిన బడికి సెలవు. చర్చి పైవారికి కోపము వచ్చిన పంతులుకు బదిలీ. పల్లెలోనున్న బడి కనుక ఊరి పిల్లలు రాకపోవుట. ఈ లోపములను దాచుటవలన ఆ పంతుళ్ళ గౌరవము హెచ్చదు. వారంత బరువు మోసిరనియే ఇవి తెలుపుచున్నవి.

ఒక్కసారి అక్షరము చేతికిచ్చిన పిదప, అది ఇచ్చినవాని కంచెలోనే మేయదు. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ మహాకవి యౌవనమున మిషను పాఠశాలలో పంతులుగా పనిచేసినవారు. వారు 1941లో వెలువరించిన గబ్బిలము కావ్యములో, ఆలయప్రవేశము లేని ఒక నిరుపేద తన దుఃఖమును గబ్బిలము ద్వారా పరమశివునికి విన్నవించుకొనును. ఆ కావ్యము తెలుగువారందరి సొత్తు. బడి విశాలమైన దనుటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలెను?

ప్రభుత్వమున కీ బడులతో సంబంధము 1854లో వుడ్ ప్రభువు పేరిట వచ్చిన విద్యాపత్రముతో స్థిరపడినది. లౌకికవిద్యను బాగుగా నేర్పు బడికి, అచ్చట చెప్పబడు మతమును విచారింపక, గ్రాంటు ఈయవచ్చునని ఆ పత్రము నిర్ణయించెను. స్వాతంత్ర్యానంతరము 1950 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఈ విషయమును మరింత స్పష్టపరచినది. 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కునిచ్చెను. 28వ అధికరణము, ప్రభుత్వ గుర్తింపో గ్రాంటో పొందిన సంస్థలో ఏ విద్యార్థియు తన సమ్మతి లేక, మైనరైన సంరక్షకుని సమ్మతి లేక, మతబోధకు గాని ఆరాధనకు గాని హాజరు కానక్కరలేదని శాసించెను. ఇంగ్లండు 1870లో బడిగోడకు వ్రేలాడదీసిన పట్టికయు, మన రాజ్యాంగములోని ఈ మాటయు ఒకే వివేకమునుండి పుట్టినవి. హక్కు చర్చికి, రక్షణ బిడ్డకు. ఈ రెండింటిలో దేనిని తీసివేసినను బండి ఒంటి చక్రముపై నిలువదు.

మహాశయులారా, ఇంతవరకు చెప్పినదానినిబట్టి మొదటి ప్రశ్నకు నా సమాధానము మనవి చేసెదను. బడి చర్చి కట్టించినదే. కాని చర్చి దానికి యజమాని గాదు, ధర్మకర్త. ధర్మకర్తకు గౌరవము కలదు, అధికారము కలదు, పేరు నిలుపుకొను హక్కు కలదు. ధర్మకర్తృత్వమును విడిచి యజమాని వలె నడచినప్పుడు మాత్రము ఆ గౌరవము పోవును.

కావున చర్చి పెద్దలకు నా మొదటి మనవి స్థలమును గూర్చి. పిల్లలు తగ్గిరని, రోడ్డు ప్రక్క నేలకు ధర వచ్చినదని, బడిస్థలమును అంగళ్ళకు అప్పగించు ఆలోచన వచ్చినప్పుడు, ఆ నేల దేని నిమిత్తము పుచ్చుకొనబడినదో పాత పత్రములు తీసి చదువుడు. బడి నిజముగా నడువజాలని స్థితిలో నున్నచో, పిల్లలకే ఉపయోగపడు మరియొక పనికి, రాత్రి చదువునకో, పుస్తకపు గదికో దానిని చట్టసమ్మతముగా మరల్పుడు.

రెండవ మనవి తలుపును గూర్చి. ప్రార్థనతో బడి మొదలుపెట్టుట మీ హక్కు. అన్యమతస్థుని బిడ్డ దానికి రానక్కరలేదని అతని తల్లిదండ్రులకు ముందుగానే చెప్పుట మీ విధి. అడిగినప్పుడు చెప్పుట చాలదు. బీదవాడు అడుగుటకు జంకును. చెప్పి చేయు చర్చినే ఊరు నమ్మును. ఆ నమ్మకమే బడిని నింపును.

మూడవ మనవి పంతులును గూర్చి. చర్చిపని చేయ నిష్టపడు పంతులు చేయవచ్చును. అతనికి కృతజ్ఞత చూపుడు. కాని బడి వేళలు పిల్లలవి. పంతులు నియామకమునకు చదువు చెప్పు నేర్పును, తొలగింపునకు విచారణయు కొలతలుగా నుండవలెను. చర్చిలో తగవు పెట్టుకొనినంతమాత్రమున పంతులు బడి పోగొట్టుకొనరాదు.

ఊరివారికిని ఒక మాట చెప్పకున్న నా ప్రసంగము ఏకపక్షమగును. తరతరములుగా చర్చి బడిలో చదువుకొని, నేడు అది శిథిలమైన, అది వారి బడిలే యని తొలగిపోవుట న్యాయమా? కప్పు కారుచున్నచో చర్చి చూచుకొనునని ప్రభుత్వము, ప్రభుత్వము చూచుకొనునని చర్చి, ఇద్దరు చూచుకొందురని ఊరు ఎదురుచూచుచుండగా తడియువాడు బిడ్డ. 1833లో ఇంగ్లండు పల్లెలు సగము చందా ఎత్తి బడులు కట్టుకొన్నవి. మన పూర్వులును ఒకరు దూలము, ఒకరు తాటాకు, ఒకరు కూలి ఇచ్చి కట్టుకొన్నవారే. భాగము పంచుకొనిన వానికే మాట చెప్పు హక్కుండును.

చివరకు గ్రంథాలయమునకు వత్తును. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగిననాటినుండి మన గ్రంథాలయోద్యమము చెప్పుచున్న దొక్కటే: చదువు బడితో ముగియరాదు. చర్చి బడికి అందరు పిల్లలు రావలెనని కోరు మనము, గ్రంథాలయమునకును అందరు వచ్చుచున్నారా యని ప్రశ్నించుకొనవలెను. ఈ రజతోత్సవ సంవత్సరమున మీరు ఒక చిన్న పని తలపెట్టవలెనని కోరుచున్నాను. ఊరిలోని ప్రతి బడికిని, అది ప్రభుత్వపు బడియైనను, చర్చి బడియైనను, వారమున కొకసారి పుస్తకముల పెట్టె నొకదానిని పంపుడు. పంతులు దానిని తెరచి పిల్లల ముందుంచును. పిల్లలలో ఒకరు లెక్క వ్రాసికొందురు. పెద్ద పిల్లలు చిన్నవారికి చదివి వినిపింతురు. అదియు మన మద్రాసు పద్ధతియే గదా.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఈ ఊరి బడులన్నిటి పిల్లల పేర్లును దీని చందాదారుల పట్టికలో నుండుగాక యని ఆశించుచు సెలవు గైకొనుచున్నాను.